కొండ ఆపిన వాన, నదిలో మన వాటా

ఆషాఢ మాసంలో అనంతపురం జిల్లాలో ఏ ఊరి రచ్చకట్ట దగ్గర కూర్చున్నా ఒకటే మాట వినిపిస్తుంది. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి, చినుకు మాత్రం పడటం లేదు అని. పడమటి గాలి ఈడ్చి కొడుతూ ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు రాత్రింబవళ్లు తిరుగుతూ ఉంటాయి. దున్నిపెట్టిన చేను మాత్రం దుమ్ము లేస్తూ ఉంటుంది. సరిగ్గా అవే రోజుల్లో మంగళూరు, ఉడుపి వైపు వరదలని టీవీలో చూపిస్తారు.

ఒక మండల సమావేశంలో పెద్ద వయసు రైతు ఒకాయన లేచి మమ్మల్ని అడిగారు: "ఆడ అంత కురిసిన వాన ఈడికొచ్చేసరికి యాడికి పోతాంది? మనం జేసిన పాపమేంది?" అందరూ నవ్వారు గానీ, ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. దాని జవాబు మీదే మన పంటల బీమా, కరువు సాయం, కాలువ నీరు ఆధారపడి ఉన్నాయి. అందుకే ఈ నెల సంపాదకీయం ఆ పెద్దాయనకు జవాబుగా రాస్తున్నాం. జవాబు కోట్ల ఏళ్ల వెనక మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మన దేశం ఉన్న నేల ఒకప్పుడు ఇక్కడ లేదు. ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి దక్షిణాన ఒకే పెద్ద ఖండంగా ఉండేది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. అది ముక్కలైంది. దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట మన ముక్క మడగాస్కర్ నుంచి విడిపోయి ఉత్తరానికి కదిలింది. భూమధ్యరేఖ పక్కగా సాగిన కాలంలో ఇక్కడ దట్టమైన వాన అడవులు పెరిగాయి. ఇవాళ ఎడారి అనిపించుకుంటున్న రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ దగ్గర తవ్వితీస్తున్న లిగ్నైట్, ఐదారు కోట్ల ఏళ్ల నాటి చెట్టూచేమా నేలలో కూరుకుపోయి మారినదే. ఏ నేలకు ఎంత వాన అన్నది ఆ నేల ఎక్కడుంది, దాని చుట్టూ ఏ కొండ, ఏ సముద్రం ఉన్నాయి అన్నదాన్ని బట్టి తేలుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట మన నేల ఆసియాను గుద్దుకుంది. మధ్యలో ఉన్న టెథిస్ అనే సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున పేరుకున్న మట్టి, సున్నపురాయి మడతలు పడి పైకి లేచి హిమాలయాలయ్యాయి. ఎవరెస్టు శిఖరం మీది రాయి కూడా ఒకప్పటి సముద్రపు సున్నపురాయే. ఆ తోపులాట ఇంకా ఆగలేదు. ఏడాదికి ఐదు సెంటీమీటర్ల లెక్కన మన నేల ఇప్పటికీ ఉత్తరానికి జరుగుతూనే ఉంది.

ఆ కొండల గోడ వల్ల మనకు ఒరిగిందేమిటి? ఎండాకాలంలో నేల కాగితే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రం మీది తేమగాలి లోపలికి వస్తుంది. ఇది మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. అయితే ఉత్తరాన గోడ లేకపోతే మధ్య ఆసియాలోని చల్లటి పొడిగాలి కిందికి దిగి ఈ తేమగాలిలో కలిసిపోయేది, నైరుతికి ఇంత బలం ఉండేది కాదు. ఎత్తయిన టిబెట్ పీఠభూమి ఎండకు కాగడమే నైరుతికి అసలు బలమని చాలాకాలం అనుకున్నారు. 2010లో బూస్, క్వాంగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంప్యూటర్ లెక్కలో టిబెట్‌ను తీసేసి, హిమాలయాల గోడను మాత్రం ఉంచి చూశారు. నైరుతి పెద్దగా తగ్గలేదు. కాగడం కన్నా అడ్డుకోవడమే ముఖ్యమని వారు తేల్చారు. ఆ చర్చ శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా నడుస్తోంది. కొండలు లేకపోతే నైరుతి ఈ రూపంలో ఉండేది కాదన్న మాట మీద మాత్రం పేచీ లేదు.

హిమాలయాలు ఒక్కటే కాదు, ఆఫ్రికా తూర్పు అంచున ఉన్న కొండలకూ ఇందులో పాత్ర ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి భూమధ్యరేఖ దాటి వచ్చే గాలిని ఆ ఎత్తయిన నేలలు అడ్డగించి, అరేబియా సముద్రం మీదుగా మన వైపు మళ్లిస్తాయి. కాలువకు గట్టు ఎలాగో ఆ గాలికి ఆ కొండలు అలాగ. అంటే మన మృగశిర వాన వెనక కెన్యా, ఇథియోపియా కొండలూ ఉన్నాయి.

అలా బలంగా వచ్చిన గాలికి ఎదురుపడేది పడమటి కనుమలు. మడగాస్కర్ నుంచి విడిపోయినప్పుడు తెగి నిలిచిన అంచు అది. ఆ తర్వాత 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గుట్టలుగా పేరుకుని దాని ఉత్తర భాగమైంది. దాదాపు 1,600 కిలోమీటర్ల పొడవున్న ఈ గోడను ఎక్కుతూ తేమగాలి చల్లబడి, ఉన్న నీళ్లన్నీ అక్కడే దింపేస్తుంది. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. తూర్పు వైపు దిగే గాలి మళ్లీ వేడెక్కి పొడిబారుతుంది. ఆగుంబె నుంచి సుమారు 300 కిలోమీటర్లు వచ్చేసరికి అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్లు. దీన్నే వర్షచ్ఛాయ అంటారు. చెట్టు కింద ఎండ పడనట్టే కొండ వెనక వాన పడదు. పాలమూరు, కర్నూలు, బళ్లారి, రాయచూరు నేలల కథ కూడా చాలావరకు ఇదే. మన మీదుగా పోయే ఆషాఢపు గాలి కొండ మీద నీళ్లు దింపేసి ఖాళీ కుండతో వస్తున్న గాలి. అది గాలిమరను తిప్పగలదు గానీ చేను తడపలేదు.

కాబట్టి పెద్దాయనకు మా మొదటి జవాబు: ఇందులో మన పాపం ఏమీ లేదు. కనుమలు నిలిచి, నైరుతి గాలి సాగిన నాడే ఈ నేలకు వాన తక్కువని తేలిపోయింది.

రెండో జవాబు ప్రభుత్వాలకు. కరువు వచ్చిన ప్రతిసారీ దాన్ని ప్రకృతి వైపరీత్యం అంటారు. వైపరీత్యం అంటే ఎప్పుడో ఒకసారి దారి తప్పి వచ్చేది. మా వైపు అది దారి తప్పి రావడం లేదు, దాని దారే ఇది. నిత్యం ఉండేదాన్ని అనుకోకుండా వచ్చినదిగా చూపిస్తే, సాయం కూడా దయతలచి ఇచ్చే దానంగా మారుతుంది. రైతు ప్రతి ఏడాదీ అర్జీ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాల్సి వస్తుంది.

కొలబద్ద సంగతీ చూడండి. సగటు కన్నా 19 శాతం వరకు తక్కువ కురిసినా వాతావరణ శాఖ లెక్కలో అది సాధారణ వర్షపాతమే. ఆగుంబెలో 19 శాతం తగ్గితే ఇంకా 5,600 మిల్లీమీటర్ల పైన మిగులుతుంది. అది మనకు పదేళ్లలో కురిసే వాన. అనంతపురంలో 19 శాతం అంటే వంద మిల్లీమీటర్ల పైమాట. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళ ఆ వంద మిల్లీమీటర్లు లేకపోతే చేతికొచ్చేది పొట్టు, పశువుల మేత. కొండకు అటూ ఇటూ ఒకే శాతంతో కొలవడం న్యాయం కాదు.

పైగా వాన ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ముఖ్యం. మా వైపు ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. పునర్వసులోనో పుష్యమిలోనో పదును చూసి విత్తిన పైరు ఆశ్లేష, మఖల్లో బెట్టకు వాడిపోయాక ఉత్తరలో కుండపోత పడితే, కాగితం మీద లెక్క సరిపోతుంది, చేను మాత్రం తిరిగి లేవదు. ఒక ఏడాది మండల కేంద్రంలో రెండు మంచి వానలు పడ్డాయి, మా ఊరి పొలిమేర దాటి చినుకు రాలేదు. నమోదైంది మండల కేంద్రంలో పడ్డ వాన. మా పంట పోయిందని చెప్పడానికి మా దగ్గర ఎండిన చెట్టు తప్ప మరో కాగితం లేకపోయింది. వాతావరణ ఆధారిత బీమాలో చూసేది మన చేనును కాదు, మన ప్రాంతానికి కేటాయించిన కేంద్రంలో పడిన వానను అన్నది ప్రతి రైతూ గుర్తుంచుకోవాలి.

మూడో జవాబు నదుల గురించి. కొండ మనకు వాన ఆపింది నిజమే. అయితే అదే కొండ ఆ నీటిని మన వైపే వంచింది. ద్వీపకల్పం పడమట ఎత్తుగా, తూర్పున పల్లంగా ఉంది. అందుకే అరేబియా సముద్రానికి 65 కిలోమీటర్ల దూరంలో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, దగ్గరి సముద్రాన్ని వదిలి 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తోంది. తుంగ, భద్ర కూడా ఆ కనుమల్లోనే పుట్టి తూర్పుకే వస్తున్నాయి. ఆకాశం నుంచి మనకు రాని వాన నేల మీద నదిగా మన గడప ముందు నుంచే పోతోంది. ఆ నదిలో వాటా అడగడం వర్షచ్ఛాయలో పుట్టిన రైతు హక్కు. దీన్ని ఎవరూ వరంగా భావించనక్కర్లేదు.

ఇది కొత్త మాటేమీ కాదు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీటి విషయంలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని పెద్దలు రాసుకున్నారు. కానీ 1973 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పు అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టుల వాడకానికి మొదట రక్షణ ఇచ్చింది. ముందుగా కాలువలు తవ్వుకున్న చోట నీళ్లు నిలిచాయి, వాన లేని చోట వాగ్దానాలు నిలిచాయి. మా ఎగువ కాలువకు ఆధారమైన తుంగభద్ర జలాశయం మొదట 133 టీఎంసీలది. పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి దిగింది. శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీ-నీవా నీరు ప్రధాన కాలువలో కనిపించినా, పిల్ల కాలువలు పూర్తి కాని చోట చేలోకి రాదు. డెల్టా రైతుతో మాకు తగాదా లేదు. పాలమూరు రైతుతో అసలే లేదు, ఆయనా మనలాగే కొండ నీడలో ఉన్నవాడు. మా తగాదా వాన లెక్క చూడకుండా నీళ్లు పంచే విధానంతో.

ఇక మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. మా కాళ్ల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి. అందులో నీరు పైపొరలోనూ పగుళ్లలోనూ తప్ప నిలవదు. ఇది తెలిసిన పెద్దలు బుక్కపట్నం, బుక్కరాయసముద్రం లాంటి చెరువులు కట్టి, పడిన చినుకును పడినచోటే ఆపారు. కొర్ర, సజ్జ, ఉలవ, ఆముదం, కంది కలిపి వేశారు. మనం చెరువుల వంకలు పూడ్చి, చేలన్నీ వేరుశనగతో నింపి, అప్పు తెచ్చి బోరు మీద బోరు వేశాం. రాయిలో లేని నీటిని వెయ్యి అడుగుల లోతులో వెతికాం. ఆ అప్పులు ఎన్ని ఇళ్లను కూల్చాయో చెప్పనక్కర్లేదు.

కొండలు కోట్ల ఏళ్లలో కట్టిన వాన తీరును మనుషుల పొగ, వేడి ఒక తరంలోనే కదిలిస్తున్నాయి. 1950 నుంచి 2015 మధ్య మధ్యభారతంలో ఒక్కసారిగా విరుచుకుపడే అతిభారీ వానలు మూడింతలయ్యాయని పరిశోధన చెబుతోంది. పడితే వరద, లేకపోతే బెట్ట అన్న తీరు పెరిగే కొద్దీ సగటు లెక్కలు ఇంకా మోసం చేస్తాయి.

అందుకే సంఘం అడుగుతున్నది ఇది. వర్షచ్ఛాయ మండలాలను శాశ్వత కరువు ప్రాంతంగా గుర్తించి ప్రతి బడ్జెట్‌లోనూ విడిగా నిధి పెట్టాలి. వాన శాతం ఒక్కటే చూడకుండా బెట్ట రోజులను లెక్కలోకి తీసుకోవాలి. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్‌లోనే తేలిక నేలలకు మూడు వారాల బెట్ట అన్న కొలత ఉంది, దాన్ని అమలు చేస్తే చాలు. ప్రతి గ్రామంలో రెయిన్‌గేజ్ పెట్టి, ఆ లెక్కతోనే బీమా కట్టాలి. చెరువుల గొలుసులకు నది నీరు చేర్చాలి.

అడగడంతో పని అయిపోదు. ప్రతి గ్రామ శాఖా ఒక వాన పుస్తకం పెట్టాలి. మృగశిర నుంచి స్వాతి దాకా ఏ రోజు ఎంత పడింది, ఎన్ని రోజులు పడలేదు, అప్పుడు పైరు ఏ దశలో ఉంది అన్నది రాసి, నెలాఖరున గ్రామసభలో చదివి నలుగురి సంతకాలు తీసుకోవాలి. ఈసారి అధికారి లెక్క అడిగితే మన చేతిలో ఎండిన చెట్టుతో పాటు ఆ పుస్తకం కూడా ఉండాలి.