సైకిలు దిగే కొండ ఎవరిది?



పోయిన నెల మన గ్రూపులో ఒక వాదన నడిచింది, గుర్తుండే ఉంటుంది. పాడేరు వైపు ఒక ఊరికి ఎవరో వచ్చి, "మీ కొండ పైనుంచి గెడ్డ దాకా సైకిల్ ట్రాక్ వేస్తాం, ఫారిన్‌లో ఉన్నట్టు. కుర్రాళ్లకి పని దొరుకుద్ది" అన్నారని ఒక తమ్ముడు రాశాడు. కింద కామెంట్లే కామెంట్లు. సగం మంది "టూరిజమే వద్దు, వంజంగి చూశాం కదా, ప్లాస్టిక్ తప్ప మనకి మిగిలిందేటి" అన్నారు. మిగతా సగం "ఎప్పుడూ వద్దు వద్దంటే ఎలా, రానీండి, నాలుగు డబ్బులు వస్తాయి" అన్నారు.

నేనప్పుడు ఏమీ రాయలేదు. ఆ తమ్ముడు చెప్పిన ఫారిన్‌లోనే చదువుకుంటున్నా. అలాంటి ట్రాక్ మీద ఒకసారి సైకిలెక్కి దిగాను కూడా. కానీ ఒక రోజు సరదా చూసి అభిప్రాయం చెప్పడం కరెక్టు కాదనిపించి, కొంచెం అడిగి తెలుసుకుని ఇప్పుడు రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా. ట్రాక్ వద్దని నేననను. గ్రామసభ మాట కాయితం మీద పడకుండా ఒక్క మీటరు కూడా తవ్వనివ్వొద్దంటాను. ఎందుకో చదివి మీరే చెప్పండి.

ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల మధ్య ఇన్స్‌బ్రుక్ అనే ఊరుంది. టిరోల్ రాష్ట్రానికి అదే రాజధాని. దాని పక్కనే ముట్టరరాల్మ్ అనే కొండ, పైన దాదాపు 1,600 మీటర్ల ఎత్తు. మన అరమ కొండ 1,680. అంటే ఎత్తులో వాళ్ల కొండ మనదాని కంటే గొప్పదేం కాదు. క్లాసులో నాతో చదివే ఇద్దరు నన్ను తీసుకెళ్లారు. ఒకడు అక్కడి టిరోల్ కుర్రాడే, రైతు కుటుంబం. ఇంకొకామె ఇటలీ వైపు ఆల్ప్స్ నుంచి వచ్చింది. సైకిలు, మొహం అంతా కప్పే హెల్మెట్, మోకాలి కవచాలు అన్నీ అద్దెకి తీసుకుంటే ఒక రోజుకి మన డబ్బుల్లో ఎనిమిది వేల పైమాటే. లిఫ్ట్ టికెట్ మళ్లీ వేరే. నెలంతా హాస్టల్లో వండుకుని తిన్న మిగులు అక్కడే అయిపోయింది.

డౌన్‌హిల్ అంటే పైకి తొక్కడం ఉండదు. కేబుల్ మీద నడిచే డబ్బాలో సైకిలు పెట్టి మనమూ ఎక్కుతాం, పైన దిగి కిందికి వస్తాం. సైకిలుకి ముందూ వెనకా స్ప్రింగుల్లాంటి సస్పెన్షన్ ఉంటుంది, చక్రం జానెడు లోతు దిగి లేస్తుంది. సీటు మీద కూర్చోరు. పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లూ మోచేతులూ వంచి, ఒళ్లు వెనక్కి పెట్టి దిగాలి. దారులకి రంగులుంటాయి. నీలం తేలిక, ఎరుపు కష్టం, నలుపు బాగా వచ్చినోళ్లకే. నేను నీలంలోనే రెండుసార్లు పడ్డాను. భయంతో బ్రేకు వదలకుండా పట్టుకుంటే చేతులు రాయిలా బిగుసుకుపోయాయి.

టిరోల్ కుర్రాడు ఆగి ఒక మాట చెప్పాడు. "రాయిని చూస్తే రాయి మీదకే పోతావు. నువ్వు వెళ్లాలనుకునే చోటు చూడు." నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు నెత్తి మీద కట్టెల మోపుతో కొండ దిగేటప్పుడు మా తాత చెప్పింది అదే. రాయిని చూడకురా, అడుగు పడే చోటు చూడు అనేవాడు. మూడోసారి పడకుండా కిందికొచ్చాను. అబద్ధం ఎందుకు, చాలా సంతోషం వేసింది. మన పిల్లలకి ఈ ఆట నెలలో వస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. కొండ దిగడం మనకెవరూ నేర్పక్కర్లేదు.

మధ్యాహ్నం తింటూ ఆ కుర్రాడిని అడిగాను, ఈ దారులన్నీ ప్రభుత్వం భూమిలో వేశారా అని. వాడు వింతగా చూశాడు. "ప్రభుత్వం ఎందుకు వేస్తుంది? అడవి చాలావరకు రైతులదీ, ఊరి సంఘాలదీ కదా" అన్నాడు. మా ఊళ్లో మా మేత బయలు మీంచి కూడా ఒక సైకిల్ దారి పోతుంది, ఏటా మా నాన్నకి దాని డబ్బులొస్తాయి అన్నాడు. అసలు విషయం నాకు అక్కడ మొదలైంది.

ఆస్ట్రియాలో 1975 నాటి అటవీ చట్టం ఉంది. దాని ప్రకారం అడవిలో నడవడానికి ఎవరికైనా హక్కుంది. సైకిలు తొక్కాలంటే మాత్రం యజమాని ఒప్పుకోవాలి. నడిచేవాడికి ఒక రూలు, చక్రానికి ఇంకో రూలు. సైకిళ్లు ఎక్కువై గొడవలు మొదలయ్యాక 1997లో టిరోల్ ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. భూమి యజమానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటారు. దారి ఎన్ని మీటర్లుంటే అన్ని మీటర్లకి లెక్కకట్టి డబ్బిస్తారు. ఎవరైనా పడి కాలు విరిగితే కేసు రైతు మెడకి చుట్టుకోకుండా బీమా ఉంటుంది. చెట్లు కొట్టే రోజుల్లో దారి మూసేస్తారు. చీకటి పడ్డాక అడవిలో తొక్కకూడదు, జంతువులు మేతకొచ్చే వేళ కాబట్టి.

బీమా గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, అదే టిరోల్‌లో 2014లో కొండ మీద నడుస్తున్న ఒక ఆవిడని మేతలో ఉన్న ఆవులు తొక్కి చంపేశాయి. కేసు రైతు మీదకి వచ్చింది. చివరికి 2020లో సుప్రీంకోర్టు తప్పు చెరి సగం అంది. తన ఆవులు తన కొండ మీద మేస్తుంటే కూడా రైతు పరిహారం కట్టాల్సి వచ్చింది. రేపు మన పోడులోంచి ట్రాక్ పోయి, పట్నం కుర్రాడు ఎవడైనా మన గేదెకి గుద్దుకుని పడితే కేసు ఎవరి మీద పెడతారు? ఆ ఊరికొచ్చినోళ్లు ఈ మాట ఎత్తారా అని ఆ తమ్ముడిని అడిగాను. లేదన్నాడు.

ఇటలీ అమ్మాయిది ఫియెమ్మె లోయ. అక్కడ అడవి ఊళ్లన్నీ కలిసి ఉమ్మడిగా చూసుకునే సంఘం ఉంది. దాని హక్కులకి మూలం 1111లో అప్పటి పాలకుడితో రాసుకున్న ఒప్పందం. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే ఊరు ఇంకో ఉదాహరణ. ఆ ఊరివాళ్లు 1483లోనే కొండ మేతని, అడవిని ఎలా వాడుకోవాలో కాయితం రాసుకున్నారు. 1517 నాటి వాళ్ల రూలు ఒకటుంది. చలికాలంలో నీ మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలవో, ఎండాకాలంలో అన్నింటినే కొండ మీదకి తోలాలి. దీని గురించి ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఉమ్మడి ఆస్తిని ప్రభుత్వమో ప్రైవేటోనే కాదు, ఊరివాళ్లే రూల్స్ పెట్టుకుని కాపాడుకోగలరని చూపించినందుకు ఆమెకి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ కూడా ఆమే.

ఇదంతా చెప్పి ఆల్ప్స్ స్వర్గం అనడం లేదు. అక్కడా ఊరి అడవి డబ్బు ఎవరికి చెందాలని కోర్టులకి ఎక్కారు. అనుమతి లేకుండా రాత్రికి రాత్రి దారులు తవ్వే సైకిలోళ్లు అక్కడా ఉన్నారు. మంచు తగ్గిపోయి చలికాలం ఆదాయం మీద నమ్మకం పోతోంది కాబట్టి, స్కీయింగ్‌కి కట్టిన లిఫ్టులు ఎండాకాలం ఖాళీగా ఉండకూడదని సైకిళ్లని పిలుస్తున్నారు. అవసరం వాళ్లది. కానీ అంత అవసరంలో కూడా ముందు కాయితం, తర్వాతే పార. నాకు నచ్చింది అది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన దగ్గర కాయితం లేదా? వాళ్లకి ఏమాత్రం తీసిపోనిది ఉంది. 1/70 ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. గిరిజనులకి, గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి పోవచ్చు. 1997 సమతా తీర్పు మన అనంతగిరి కొండల గొడవలోంచే పుట్టింది. ప్రభుత్వ భూమి అయినా సరే ఇక్కడ ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని చెప్పింది. 1996 పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. అందులో గ్రామం అంటే పంచాయతీ ఆఫీసు కాదు, మనం బతికే గూడెం. కాబట్టి సర్పంచి సంతకం ఒక్కటే తెచ్చి చూపిస్తే సరిపోదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చిన ఊళ్లకి అడవి మీద ఇంకా గట్టి పట్టుంది. ఉట్నూరు, భద్రాచలం వైపు వాళ్లకీ ఇవే చట్టాలు.

తేడా ఎక్కడుందంటే, వాళ్లు కాయితం వాడతారు. మనం ధర్నా రోజున మాత్రమే బయటికి తీస్తాం. ఎవరో వచ్చి ట్రాక్ అనగానే "వద్దు" అనో "సరే" అనో అంటాం. "ఏ షరతు మీద?" అని అడగం. ఇటుకల పండగప్పుడు మన అక్కలు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, ఎంత పెద్ద కారైనా ఆపి, డబ్బిచ్చాకే వదులుతారు కదా. ఆ ధైర్యం మిగతా రోజుల్లో ఏమైపోతోంది?

ఇంకో మాట రాయకుండా ఉండలేను. ఆ రోజు సాయంత్రం ఇటలీ అమ్మాయి ఎరుపు దారిలో పడి భుజం జారింది. ఫోన్ చేస్తే కొండ రెస్క్యూ వాళ్లు స్ట్రెచర్‌తో వచ్చేశారు. జీతగాళ్లు కాదు, చుట్టుపక్కల ఊళ్ల వాలంటీర్లే. గంట తిరక్కుండా ఆమె ఆసుపత్రిలో ఉంది. సైకిలు పైకెక్కడానికి కేబుల్ డబ్బా, సైకిలు మీంచి పడినోళ్లకి స్ట్రెచర్. మా ఊళ్లో మా పిన్నిని పురిటి నొప్పులతో డోలీలో కిందికి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. నాలుగు భుజాలు మారుతూ మూడు గంటలు. పిన్ని బతికింది, బిడ్డ దక్కలేదు. సైకిలు కోసం జీపు దారి వేస్తామని ఎవరైనా వస్తే, ఆ దారి మీద మొదట ఏం తిరగాలో మన గ్రామసభే చెప్పాలి. అంబులెన్సు ఎక్కని కొండకి సైకిళ్ల జీపు ఎక్కకూడదు.

కాబట్టి రెండు వైపుల వాళ్లకీ నా జవాబు ఇది. "వద్దే వద్దు" అనే అన్నలకి: మీ భయం నిజం. కానీ మనం వద్దన్నా వీకెండ్ జనం ఆగలేదు, షరతులు లేకుండా వస్తున్నారు. వంజంగిలో జరిగింది అదే. "రానీండి" అనే తమ్ముళ్లకి: నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కానీ షరతులు రాసుకోకపోతే పార్కింగ్ చీటీలు చింపడం, టీ కప్పులు కడగడం మాత్రమే మన వంతుకి మిగుల్తాయి.

ఎవరైనా ట్రాక్ మాట ఎత్తితే గ్రామసభ తీర్మానంలో ఉండాల్సినవి నాకు తోచినంతవరకు ఇవి.

దారి మొత్తం మ్యాపు మీద ఉండాలి. మన దేవతల చోట్లు, ఊటలు, కాఫీ తోటలు దానికి దూరంగా ఉండాలి. భూమి మన పేరునే ఉండాలి, నడిపేది మన సొసైటీ. బయటోళ్లకి లీజు లేదు. డబ్బు మీటరు లెక్కన ఏటా ఊరి ఖాతాలో పడాలి, టికెట్లు అమ్ముడైనా కాకపోయినా. బీమా ఖర్చు వచ్చినోళ్లదే. వానాకాలం నాలుగు నెలలూ, విత్తుల రోజులూ, పండగ రోజులూ ట్రాక్ బంద్. మన ఎర్ర మట్టి మీద వానలో చక్రం తిరిగితే అది దారి కాదు, వాగు అవుతుంది, కింద ఉన్న పోడంతా కొట్టుకుపోద్ది. ఆల్ప్స్‌లోనే ఏటా దారి బాగు చేయడానికి ప్రత్యేకంగా జట్లున్నాయి. ఆ పని, మెకానిక్ పని, గైడ్ పని, రెస్క్యూ పని నేర్పించాకే ట్రాక్ తెరవాలి. మన ఊరి పిల్లలకి తొక్కడం ఉచితం. ఇది చివర రాశాను గానీ నాకైతే ఇదే ముఖ్యం. మన కొండ మీద ఆటని మన పిల్లలు గట్టు మీద నిలబడి చూసే పరిస్థితి రాకూడదు.

ఆ తమ్ముడి ఊళ్లో గ్రామసభ ఇంకా జరగలేదట. సంక్రాంతి సెలవులకి వస్తున్నాను. ఊరివాళ్లు ఒప్పుకుంటే నలుగురం కలిసి ఆ కొండ పైనుంచి గెడ్డ దాకా నడుచుకుంటూ దిగుదాం, ఎక్కడ ఏముందో పెద్దల్ని అడిగి రాసుకుందాం. మ్యాపు వాళ్ల కంటే ముందు మన దగ్గర ఉండాలి. లా చదివేవాళ్లు ఒకరిద్దరు, సర్వే పని తెలిసినవాళ్లు ఒకరు వస్తే ఇంకా మంచిది. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. నా షరతుల్లో తప్పులుంటే అవీ రాయండి, సరిచేసుకుందాం.

జోహార్.