కుర్చీ దిగినవారికి మళ్లీ కొలువా?

మన తెలుగు ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలు చాలామంది ఏదో ఒక సర్వీస్ కమిషన్ పరీక్షకు కూర్చుంటున్నారు. కర్ణాటకలో కేపీఎస్సీ, తమిళనాడులో టీఎన్‌పీఎస్సీ, ఒడిశాలో ఓపీఎస్సీ, మహారాష్ట్రలో ఎంపీఎస్సీ. యానాం పిల్లలకు పెద్ద పోస్టులంటే యూపీఎస్సీయే. తరాలుగా ఇక్కడే ఉన్నా, ఇంటర్వ్యూ గదిలో మన పిల్లల ఇంటిపేరు, యాస కొత్తగానే వినిపిస్తాయి. సిఫారసు చేసేవారు లేనివాడికి నిబంధనే సిఫారసు. అందుకే ఆ బల్లకు అటువైపు కూర్చున్న సభ్యుడు పదవి దిగాక ఎక్కడికి వెళతాడన్నది మనకు పట్టని విషయం కాదు. రేపు తనకు కొలువు ఇవ్వగలిగినవారి మాటను ఈరోజు ఆయన కాదనగలడా?

రాజ్యాంగం రాసిన పెద్దలు ఈ ప్రశ్న ముందే వేసుకున్నారు. 316వ అధికరణ ప్రకారం సభ్యుడి పదవీకాలం 6 ఏళ్లు, లేదా రాష్ట్ర కమిషన్‌లో 62, యూపీఎస్సీలో 65 ఏళ్ల వయసు వచ్చేవరకు. అదే పదవి రెండోసారి ఇవ్వకూడదు. 319వ అధికరణ ఇంకో అడుగు ముందుకు వేసింది. యూపీఎస్సీ ఛైర్మన్ ఆ తర్వాత కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ఏ ప్రభుత్వ ఉద్యోగమూ చేయరాదు. రాష్ట్ర కమిషన్ సభ్యుడు యూపీఎస్సీకి వెళ్లవచ్చు, లేదా తన కమిషన్‌కో మరో రాష్ట్ర కమిషన్‌కో ఛైర్మన్ కావచ్చు. మిగతా ప్రభుత్వ ఉద్యోగాలన్నిటికీ తలుపు మూసినట్టే.

గోడ గట్టిదే గానీ సందులున్నాయి. మొదటిది గవర్నర్ పదవి. రాజస్థాన్ కమిషన్‌లో ఒకప్పుడు సభ్యుడిగా ఉన్న రఘుకుల్ తిలక్ 1977లో ఆ రాష్ట్రానికే గవర్నర్ అయ్యారు. నియామకం చెల్లదని కేసు వేస్తే, గవర్నర్‌గిరీ ప్రభుత్వం కింద ఉద్యోగం కాదని 1979లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండోది ప్రైవేటు కొలువు. 319వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగం గురించే చెబుతుంది, కోచింగ్ సెంటర్ల ఊసెత్తదు.

మూడోది చట్టాన్నే మార్చేయడం. రాజ్యాంగంలో ఉన్న నిషేధాన్ని కదపడం కష్టం. మామూలు చట్టంలో ఉన్నదానికి ఆ రక్షణ లేదు. ట్రాయ్ ఛైర్మన్‌గా పనిచేసినవారు తర్వాత ప్రభుత్వ ఉద్యోగం చేయరాదని ట్రాయ్ చట్టంలో ఉండేది. 2014 మే నెలలో మాజీ ఛైర్మన్ నృపేంద్ర మిశ్రాను ప్రధానమంత్రి ప్రిన్సిపల్ సెక్రటరీగా తీసుకోవడానికి ఆర్డినెన్స్ తెచ్చారు, జూలైలో పార్లమెంటు ఆమోదించింది. ఆయన ట్రాయ్ నుంచి దిగి అప్పటికి ఐదేళ్లయింది కాబట్టి ఆ ఒక్క నియామకాన్ని మేము తప్పుపట్టం. మా అభ్యంతరం కొత్త నిబంధన మీద. ఇప్పుడు నిషేధం రెండేళ్లే, అదీ కేంద్రం అనుమతిస్తే వర్తించదు. ఎవరికి భయపడి తాళం వేశామో వారి చేతికే తాళంచెవి ఇచ్చినట్టయింది.

అనుభవం వృథా అవుతుంది కదా అని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ మేము గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన రిటైరైన నెలకే అదే సెక్షన్‌కు సలహాదారుగా వచ్చి కూర్చున్నారు. అంతకుముందు ఆరు నెలలు ఆయన ఏ ఫైలు మీదా ‘కుదరదు’ అని రాయలేదు. తప్పు చేశారని మేము అనలేం. అయితే ఆ ఫైళ్లను మళ్లీ ఎవరూ నమ్మకంగా చూడలేదు. పోయింది ఆ నమ్మకమే.

కాబట్టి మన సంఘాలు అడగాల్సినవి రెండు. రెండేళ్లో మూడేళ్లో, గడువు ఏదైనా అనుమతితో సడలించే వీలు ఉండకూడదు. ఆ గడువులో కోచింగ్ సెంటర్ల కొలువులూ నిషేధంలోకి రావాలి.

అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. కల్యాణమండపం మేనేజరు, హాస్టల్ వార్డెన్ వంటి జీతం ఉద్యోగాలు నిన్నటి కమిటీ సభ్యులకే దక్కడం మన సంఘాల్లో కొత్త కాదు. కమిటీ నుంచి దిగిన రెండేళ్ల వరకు సంఘంలో జీతం తీసుకోరాదన్న తీర్మానం వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాం. కార్యదర్శి పదవికీ ఇది వర్తిస్తుంది. సభ్యులు తప్పక వచ్చి ఓటు వేయగలరు.