పందెపుబాట పదును
– మరువాసి

ఎండకాలమున నీడపట్టున నిలిచినవానికే ఊపిరి సలుపని ఈ ఖతరు దేశమున పందెములు పెక్కు చలికాలమునకే ఒదిగినవి. వానయు ఆ చలికాలమునకే ఒదిగినది. అక్టోబరు నడుమ మొదలై డిసెంబరు తొలినాళ్లవరకు సాగు ఋతువును ఇచటివారు వస్మీ యని ఆదరముతో పిలిచి మబ్బుకొరకు ఎదురుచూతురు. అమీరు పిలుపునందుకొని ప్రజలు గుంపులుగా గూడి వానకొరకు ఇస్తిస్కా ప్రార్థన సల్పుదురు. సరిగా ఆ నెలలలోనే అల్ షహానియాలో ఒంటెలు పరుగునకు దిగును, ఎడారి మట్టిబాటలపై మోటారుసైకిళ్లు మ్రోగును. ప్రార్థించి తెచ్చుకొన్న వాన పందెపునాడే వచ్చి వాకిట నిలుచుట ఇచట వింత గాదు. అట్టినాడు పందెము జరుపవలెనా, మానవలెనా యని తేల్చవలసిన వాడెవ్వడు, దేనిని జూచి తేల్చవలెను అనునదే ఈ వారము నా విన్నపము.

మట్టిబాటకు నీరు శత్రువు గాదు. పందెమునకు ముందు ట్యాంకరుతో నీళ్లు చల్లి, రోలరు త్రిప్పి, దుమ్మణచి, మన్ను చక్రమును కరచి పట్టునట్లు చేయుట ఎచటనైనను పరిపాటియే. కాని ఆ తడి యొక మేరవరకే ఉపకారి. మేర దాటినపిమ్మట అదే మన్ను పట్టు విడుచును. అంతకంటె కీడేమనగా, ఆ బురదలో చక్రములు కోసిన చాళ్లు ఎండి రాతిగట్టిపడి, మరల బాటను పెకలించి చదును చేయువరకు రాబోవు పందెములను సైతము చెరచును. నల్లరేగడి సాగు చేసినవానికి ఇది చెప్పనక్కరలేదు: వాన వెలిసిన వెంటనే అరక కట్టినవాడు మట్టిపెళ్లలనే దున్నుకొనును, రెండు దినములు ఓపికపట్టి, పిడికెడు మన్ను తీసి పిసికి, ఉండకట్టి జారవిడిచి, అది పగులునో అతుకుకొనునో చూచి కదలినవాడు పంట దినును. పందెపుబాటకు కావలసినదియు ఆ పదునెరిగిన చేయియే. ఈ దేశపు తీరమున నున్న సబ్ఖా నేలలలో ఆ యెరుక మరింత అవసరము. పైన ఉప్పు తేలి ఎండి పగిలిన పొర కనిపించును, క్రింద అడుగు దిగబడు అడుసుండును. కన్ను మోసపోవుచోట కాలు పెట్టి చూడవలసినదే.

ఒంటె సంగతి చూడుడు. దాని పాదము వెడల్పైన మెత్తని అరకాలు. ఇసుకలో కూరుకొనిపోకుండుటకు అట్లేర్పడినది. తడిసిన బంకమట్టిపై ఆ యరకాలికి ఊతము దొరకదు. కాళ్లు రెండు ప్రక్కలకు జారి కూలబడిన ఒంటె మరల నిలుచుట దుర్లభము. 2005లో బాలజాకీలను నిషేధించినది మొదలు దాని వీపుపై కూర్చుండునది యంత్రము. దానికి ప్రాణభయము లేదు, నిజమే. కాని బాట వెంబడి కార్లలో ఒంటెలతో సమానముగా సాగుచు, చూపంతయు తమ ఒంటెపై నిలిపి, ఆ యంత్రమును ఆడించు మీట నొక్కుచు పోవు మనుష్యులకు ప్రాణము గలదు. ఆ ఒంటెకును గలదు.

ఎడారిలో వానపాలైన పందెములకు లుసైల్ మోటారు వలయమే ప్రసిద్ధ సాక్షి. అది తారుబాటయే, అయినను న్యాయము ఒక్కటే. 2009 ఏప్రిల్ 12, ఆదివారము రాత్రి, దీపకాంతిలో జరుగవలసిన మోటోజీపీ పందెమునకు వాన అడ్డుపడెను. అంతకుముందే 125 సీసీ పందెము నాలుగు చుట్లకే ఆగి, విజేతలకు సగము పాయింట్లే దక్కెను. తడిసిన బాటపై దీపముల వెలుగు ప్రతిఫలించి రౌతుల కన్నులలో కొట్టునని యెంచి పెద్దపందెమును సోమవారమునకు వాయిదా వేసిరి. ఆనాడు కేసీ స్టోనర్ గెలిచెను. 2017 మార్చిలో మరల అదే చోట శనివారపు అర్హతపరుగు నీటిపాలై, తొలి సాధనలలోని కాలములనుబట్టియే వరుస నిర్ణయింపబడెను. మరునాడు తుంపర పడినను రద్దు చేయలేదు. బాటపై తిరిగి పరీక్షించి, ఇంచుమించు ముప్పావుగంట ఆగి, చుట్లను 20కి తగ్గించి పందెము నడిపిరి. ఒకనాడు మానిరి, మరునాడు ఆగి నడిపిరి. రెండును నాకు సమ్మతములే, ఏలయన రెండుమారులును బాట చెప్పిన మాటనే వినిరి. మబ్బు కనబడగనే పందెము మానుకొనుట జాగ్రత్త యనిపించుకొనదు. ఇచటి చలికాలపు ఎండకు ఇసుకబాట పూటలో ఆరుట కలదు.

బాట మాట వినని చోట ఏమగునో 2018 ఆగస్టున ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ మోటారు వలయము చూపినది. శనివారపు సాధనలో నీరు నిలిచినచోట జారిపడిన రౌతు టిటో రబాట్, ప్రక్కకు వచ్చి నిలిచియుండగానే, అదేచోట జారిన మరియొక బండి వచ్చి తాకి అతని తొడయెముక విరిచెను. ఆదివారము ప్రజలను సాయంకాలమువరకు వానలో నిలిపి, ఆపై రద్దు ప్రకటించిరి. దానికి భిన్నముగా, అమెరికాలో 2021 మార్చిన బ్రిస్టల్ మట్టిబాటపై ట్రక్కుల తొలిపరుగు మొదలైన క్షణములలోనే ముందరి అద్దములు బురదతో మూసికొనిపోయి నడుపువారికి త్రోవ కానరాలేదు; ఆనాటి పరుగులను ఆపివేసి, పెద్దపందెమును సోమవారమునకు జరిపిరి. అద్దము మూసికొనిన క్షణముననే ఆపిన ఆ చేతికి నేను నమస్కరింతును.

ఇక మనవారి మాట. ఐన్ ఖాలిద్‌లోను, దాని పొరుగుననున్న పారిశ్రామికవాడలోను వసించు తెలుగువారిలో పెక్కురకు వారమంతటికి శుక్రవారమొక్కటే విరామము. జగిత్యాలనుండియు, నిజామాబాదునుండియు, కడపనుండియు, గోదావరి జిల్లాలనుండియు వచ్చిన పడుచువారు నలుగురు గూడి ఒక కారు మాటాడుకొని, పులిహోర డబ్బాలలో పెట్టుకొని పందెము చూడబోవుదురు. గురువారము రాత్రి మబ్బు పట్టినదా, “అన్నా, రేపు పందెం ఉన్నదా లేదా, ఏదో ఒకటి చెప్పుమను” అను ప్రశ్న గదిగదికి తిరుగును. ఆ ప్రశ్నకు మధ్యాహ్నమువరకు బదులీయకుండుట వారి వారమును దోచుట. పైగా ఇచటి వాన బాటతో ఆగదు. 2018 అక్టోబరు 20న మన ప్రక్కనున్న అబూ హమూర్‌లో ఒక్కదినమున 84 మిల్లీమీటర్లు కురిసెను. ఈ దేశపు ఏడాది వాన సగటు 75కు అటునిటు. సొరంగమార్గములు మునిగిన ఆనాడు ఇల్లు చేరుటే ఒక పందెమైనది. వచ్చుదారియు పోవుదారియు బాటలో భాగములే యని పందెము పెట్టువారు తలపవలెను.

అంతకంటె నా మనస్సును కలచునది మరియొకటి. కంచెలు పాతువారు, జెండా పట్టువారు, ట్యాంకరు నడుపువారు, ద్వారమున చీట్లు చింపువారు వేకువకే వచ్చి నిలుతురు. పందెము రద్దైన దినమున రౌతునకు బండి మిగులును, యజమానికి ఒంటె మిగులును. దినకూలికి వచ్చినవానికి మిగులునది తడిసిన బట్ట. వానికి కూలి ఈయవలసివచ్చునేమో యను లెక్క నిర్వాహకుని మనస్సున మెదలినంతకాలము, పందెమును ఎట్లో యొకట్లు నడుపవలెనను ఆశయు మెదలుచునే యుండును. ఆ కూలిని ముందే ఖర్చులో వ్రాసికొనినవాడు నిర్భయముగా బాటను చూడగలడు.

కావున నా కోరిక యిది. తెల్లవారకముందే బాటను కాలినడకన చుట్టివచ్చి, మలుపు మలుపున మన్ను చేతబట్టి చూచువాడొకడు, సొమ్ము పెట్టినవానికి లోబడని వాడు, నియమింపబడవలెను. ఉదయము ఏడు గంటలకు అతడు చెప్పిన మాట అరబ్బీతోబాటు హిందీ, తెలుగు, మలయాళములలో గూడ వెలువడవలెను. రద్దన్న పిమ్మట ఎండ కాచినను ఆనాటికి తిరిగి తెరువరాదు. అతని పేరును, మాట వెలువడు వేళను, రద్దైననాటి కూలి చెల్లించువాని పేరును పందెపు ప్రకటనపైననే అచ్చువేయుడని ఈ చలికాలపు నిర్వాహకులందరిని అర్థించుచున్నాను.