దోషము లేని కష్టము



గడచిన నెల మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాలదినములు విడువకున్నది. వ్రాసినయామె పేరును, ఊరును ఇచ్చట చెప్పము. ఆమె భర్త యొక వర్తకుని కడ లెక్కలు వ్రాయుచుండెడివాడు. దొంగలెక్కకు చేవ్రాలు చేయుమని యజమాని కోరగా, దైవభయము గలవాడగుటచే ఒల్లననెను. నెల తిరుగకమునుపే పని పోయెను. పైగా సొమ్ము తానే అపహరించెనను నింద మీదబడెను. రెండు సంవత్సరములుగా వేఱొక ఉద్యోగము దొరకలేదు. చేతిగాజులు మొదలుకొని ఇత్తడిబిందెలవఱకు ఒక్కొక్కటియే యిల్లు వెడలిపోయెను. ఇదియంతయు ఆమె ఓర్చుకొన్నది. ఓర్చుకొనలేనిది మఱియొకటి. ఆదివారపు ఆరాధన ముగిసినపిమ్మట సంఘములోని స్త్రీలు కొందఱు ఇంటికి వచ్చి, "వదినా, మీ యింట ఏదో దాచిన పాపముండి తీరవలెను, వెదకి ఒప్పుకొనినగాని దేవుడు కరుణింపడు" అని చెప్పిపోవుచున్నారట. "రాత్రులు మేలుకొని వెదకుచున్నాను. నాకేమియు కనబడుటలేదు. కనబడకపోవుటయే నా పాపమేమో" అని ఆమె వ్రాసినది.

ఈ తుదివాక్యము చదివినప్పుడు మాకు కోపము వచ్చినదని దాచక చెప్పుచున్నాము. ఆ సోదరిపై గాదు. పరిశుద్ధగ్రంథము చేతబట్టుకొని ఆర్తుల గడపకు కారణములు మోసికొనిపోవు వారిపైని. కారణము చెప్పుట మన ఆడువారికి మిక్కిలి ప్రియమైన పని. మగవారికి ప్రియము కాదనియు చెప్పజాలము. ఎవరియింట బిడ్డ చనిపోయినను, ఎవరి పొలము వఱదపాలైనను మన మూరకుండలేము. ఏలనగా, కారణము దొరకెనా, ఆ కష్టము మనయింటికి రాదని యొక ధైర్యము. వారు తప్పు చేసిరి, మేము చేయలేదు, కావున మాకు భయము లేదు. ఇదియే లోపలి లెక్క. మా యింటివారు బడిలో గణితము చెప్పువారు. ఇట్టి దానిని వారు "కూడికల భక్తి" యని నవ్వుదురు.

ఈ కూడికను పరిశుద్ధగ్రంథము అంగీకరింపదు. యోబు చరిత్ర మనమందఱ మెఱిగినదే. ఒక్కదినముననే పశువులు, పనివారు, పదిమంది బిడ్డలు పోగా, బూడిదలో కూర్చున్న యోబును చూడ ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు స్నేహితులు వచ్చిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై అతని చెంత కూర్చుండి యొక్కమాటయు పలుకలేదు. వారు చేసిన మంచిపని యదియొక్కటియే. నోరు తెఱచినది మొదలు వారు చెప్పినదంతయు ఆ సోదరికి ఆదివారమునాడు వినబడిన మాటయే. నీవు పాపము చేసియుందువు, వెదకుకొనుమని. తుదకు దేవుడు కోపించినది యెవరిమీద? దేవుని నిలదీసి యడిగిన యోబుమీద గాదు. దేవుని పక్షమున వాదించితిమనుకొన్న ఆ ముగ్గురిమీద. తప్పు మాటలాడితిరని వారిని మందలించి, యోబు ప్రార్థనవలననే వారిని క్షమించెను.

ఇంకొక సంగతి గమనింపుడు. పరలోకమున జరిగిన సంభాషణ చదువరులమగు మనకు తెలియును. యోబునకు కడపటివఱకు తెలియదు. తన కష్టమునకు కారణమేమో ఎఱుగకయే అతడు నెమ్మదిపడినాడు. ఆ సంభాషణలో అపవాది అడిగిన ప్రశ్న యేమి? లాభము లేకయే యోబు దేవుని కొలుచుచున్నాడా యని. భక్తి యనునది బేరమేయని వాని వాదము.

ఇచ్చట మాకు ఆరణ్యపర్వము జ్ఞప్తికి వచ్చుచున్నది. మా తండ్రిగారు క్రైస్తవులయ్యును, భారతము చదువని తెలుగుబిడ్డకు మాట సగమే వచ్చునని, మమ్ము దినమున కింతయని చదివించినవారు. అడవిలో ద్రౌపది ధర్మరాజును నిలదీయును. ధర్మమును కాచువానిని ధర్మము కాచునని వింటిని, నిన్నేల కాచదయ్యెనని ఆమె యడుగును. అందులకు ఆయన ఫలమాశించి ధర్మము చేయలేదనియు, ఫలమునకై చేయువాడు ధర్మమును అమ్ముకొను వర్తకుడనియు చెప్పును. ద్రౌపది ప్రశ్న తప్పని మేమనము. కాని ఆ వర్తకుడన్నమాట బాల్యమునుండి మా మనస్సున నాటుకొన్నది. పాపము వెదకుకొనుమని వచ్చు పెద్దమనుష్యురాండ్రు తాము దేవునితరపున మాటలాడుచున్నామనుకొందురు. వారి వాదము మాత్రము అపవాది వాదమే. మంచికి లాభము, చెడుకు నష్టము. నష్టము వచ్చెను గనుక చెడు జరిగియుండును. దొంగలెక్కకు చేవ్రాలు చేయనివానిని ఇంట కూర్చుండి దోషిగా తేల్చు న్యాయమిది.

ప్రభువే దీనిని రెండుమాఱులు కొట్టివేసెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇతడు పాపము చేసెనా, తలిదండ్రులు చేసిరా యని శిష్యులడుగగా, ఎవరును గారనెను. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె అపరాధులని యెంచవలదని చెప్పెను.

ఇక పండిత రమాబాయి సంగతి. ఆమె పేరు వినని చదువరులు తక్కువ. ఆమె పడిన ఆకలిని గూర్చి తెలిసినవారు ఇంకను తక్కువ. రమాబాయి 1858లో పడమటికనుమల అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, స్త్రీలకు సంస్కృతము కూడదన్న కాలమున భార్యయగు లక్ష్మీబాయికి నేర్పి స్వజనులచే నిందలు పడినవాడు. ఆ తల్లి వేకువను కూతును లేపి శ్లోకములు వల్లెవేయించెడిది. ఇంటనే చదువుకొన్న మాకు ఈ ఘట్టముపై కొంత పక్షపాతము కలదని ఒప్పుకొందుము. క్షేత్రములు తిరుగుచు పురాణములు చదివి జీవించు ఆ కుటుంబమును, 1870 పిమ్మటి దశకములో చెన్నపురి రాజధానిని పీడించిన కఱవు పట్టుకొన్నది. కూలిపని వారికి రాదు; బిచ్చమెత్తుటకు నోరు రాదు. నగలు, వెండి, ఇత్తడిపాత్రలు అన్నియు అమ్ముకొనిరి. వ్రతములు, దానములు విడువలేదు. తుదకు మన తిరుపతికొండల దాపుననే అడవి చొచ్చి, పదునొకండు దినములు నీళ్లతోను, ఆకులతోను, పిడికెడు ఈతపండ్లతోను ప్రాణములు నిలుపుకొనిరి. చూపు సన్నగిలిన ముదుసలి తండ్రి కోనేట మునిగి ప్రాణము విడువదలచెను. కులగర్వము మాని కూలిచేసి పోషింతునని కుమారుడు శ్రీనివాసుడు ఆపెను. కొన్నిదినములకే తండ్రి పోయెను. పోవునప్పుడు కడగొట్టుబిడ్డయగు రమను దగ్గఱకు తీసికొని, నిన్ను దేవునిచేతి కప్పగించితిని, జీవితకాలమంతయు ఆయననే సేవింపుమని చెప్పెనట. పిమ్మట తల్లి మంచమెక్కెను. ఆమెకై రమాబాయి ఒకయింటి ముంగిట రొట్టెముక్క యడుగబోయి, మాట పెగలక నిలిచిపోయినది. తల్లియు పోయెను, అక్కయు పోయెను. మిగిలిన అన్నచెల్లెండ్రు కాలినడకను దేశము తిరిగిరి. చలికి కప్పుకొన గుడ్డ లేక, జీలము నదియొడ్డున ఇసుకలో గోతులు త్రవ్వుకొని ఇసుకనే కప్పుకొని పండుకొనిరి.

తరువాతి కథ త్వరగా చెప్పుదుము. 1878లో కలకత్తా పండితులు ఆమె పాండిత్యమునకు వెఱగుపడి పండిత, సరస్వతి బిరుదములిచ్చిరి. 1880లో అన్న చనిపోయెను. అదే సంవత్సరము బిపిన్ బిహారీ దాసు అను వంగదేశపు న్యాయవాదిని పెండ్లాడగా, 1882లో ఆయన విషూచిచే మరణించెను. చంకను శిశువగు మనోరమ. ఇంగ్లండునకు వైద్యము చదువబోగా వినికిడి చాలదని ఆ తలుపును మూసికొన్నది. 1883లో అచ్చటనే క్రైస్తవురాలయ్యెను. దేశమునకు తిరిగివచ్చి 1889లో బొంబాయిలో వితంతువులకై శారదాసదనము స్థాపించెను. అది మఱుసంవత్సరము పూనాకు మాఱెను. 1893లో ఆమె మతము కారణముగా అలజడి రేగి, పలువురు తమ బాలికలను తీసికొనిపోయిరి. బాప్తిస్మముతో కష్టములు తీరునని తలచువారు ఈ సంవత్సరములను వరుసగా చదువవలెను.

1896-97లో మధ్యపరగణాలయందు కఱవు వచ్చినది. రమాబాయి స్వయముగా పోయి, తలిదండ్రులు లేని బాలికలను, దిక్కులేని వితంతువులను వందలకొలది తీసికొనివచ్చెను. వారిని ఉంచిన కేడ్‌గావ్ పొలమే ముక్తి సదనమయ్యెను. 1900లో గుజరాతు కఱవునాటికి అచ్చటివారి సంఖ్య వేయి దాటినది. వారికి చదువు, నేత, వ్యవసాయము, ముద్రణ నేర్పిరి. గ్రుడ్డివారికి చేతివ్రేళ్లతో చదువు లిపిని నేర్పిరి. ముక్తి నేటికిని నడచుచున్నది. ఆకులు తిని పదునొకండు దినములు గడపిన స్త్రీకి, ఆకలిగొన్న బాలిక చూపును గూర్చి ఎవరు చెప్పవలెను?

చూచితిరా, ఇందులకే దేవుడు ఆమెకు కఱవు పంపెనని చెప్పుటకు నోరూరును. మేము చెప్పము. అట్లు చెప్పినచో, రొట్టెముక్క దొరకక పోయిన ఆ తల్లి యేమగును? కూతు గొప్పతనమునకు మెట్టుగా ఆమెను వాడుకొనెననవలయునా? లక్ష్మీబాయి ప్రాణము ఆమెదే. దాని లెక్క దేవునియొద్ద వేఱుగానున్నది, ఆ పుస్తకమును మనము తెఱవజాలము. దేవునికి ఉద్దేశము కలదని నమ్ముట వేఱు; ఆ ఉద్దేశము ఇది యని వ్రేలుపెట్టి చూపుట వేఱు. మొదటిది విశ్వాసము, రెండవది తఱచు మన తొందరపాటు. సమస్తమును మేలునకే కూడివచ్చునని పౌలు రోమీయులకు వ్రాసిన మాటను పటము కట్టి గోడకు తగిలించుకొన్నాము గాని, అది దెబ్బలును, చెఱయు, ఓడపగులుటయు తానెఱిగినవాడు వ్రాసినమాట. తన గాయముపై తాను పెట్టుకొన్న మందును మనము తీసి పొరుగువారి గాయముపై ఱాయివలె విసరరాదు.

మఱి ఆ సోదరి యేమి చేయవలెను? ముందుగా రాత్రులు వెదకుట మానవలెను. తెలిసిన తప్పుండెనా, పగటివేళనే ఒప్పుకొనవచ్చును. లేనిదానిని కల్పించుకొని ఒప్పుకొనుట దేవునియెదుట మఱియొక దొంగలెక్కకు చేవ్రాలు చేయుటయే. భర్త చేయనన్నపని భార్య చేయనేల? ఇక, ఏల యని దేవుని నడుగుట అవిశ్వాసమని ఎవరైన చెప్పిన నమ్మవలదు. సిలువమీద ప్రభువే ఆ మాట నడిగెను. అప్పుడు ఆకాశమునుండి ప్రత్యుత్తరము రాలేదు. రాకున్నను తన ఆత్మను తండ్రిచేతికే అప్పగించెను. మా విశ్వాసమునకు ఇంతకంటె వేఱు ఆధారము లేదు, అక్కఱయు లేదు.

పరామర్శకు పోవు సోదరీమణులకు ఒక విన్నపము. రెండు మానికల బియ్యమో, పిల్లల బడిజీతమో కొంగున ముడివేసికొని పొండు. పోయి, ఆమెతోపాటు కూరలు తరుగుడు, చంటిదాని నెత్తుకొనుడు. ఆమె భర్తకు ఎచ్చటనైన లెక్కలపని యున్నదేమో మీ యింటివారిని విచారింపుమనుడు. ఆయన నిజాయితీకి సాక్ష్యము చెప్పగలవారుండిన చెప్పుడు. నింద పోవుటకు మనుష్యుల నోటిమాటయే కావలెను గదా. కారణములు మాత్రము మీ యింటనే విడిచిపొండు.

రమాబాయి కష్టములు ముక్తితో ముగియలేదు. తల్లి పిమ్మట ఆ సదనపు భారమును వహింపవలసిన మనోరమ 1921 జూలైలో, నలువది యేండ్ల ప్రాయమున చనిపోయెను. రమాబాయికి అప్పుడు అఱువదిమూడేండ్లు. పరిశుద్ధగ్రంథమును హీబ్రూ గ్రీకు మూలములనుండి సామాన్యస్త్రీలకు తెలియు మరాఠీలోనికి మార్చు పని అప్పటికి ఎన్నియో యేండ్లనుండి సాగుచుండెను. బిడ్డ పోయిన పిమ్మటను ఆ పని సాగినది. 1922 ఏప్రిలు 5వ తేదీన ఆమె కన్నుమూసినది. గ్రంథము ముక్తి ముద్రాలయమునుండియే 1924లో వెలువడినది. అచ్చు అక్షరములు కూర్చినవారు అచ్చట పెరిగిన స్త్రీలు.