అది తెల్లవాళ్ళ జబ్బేనా?

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. "నా దేశం నుంచి పొండి" అని అరిచి మరీ కాల్చాడు. హైదరాబాద్‌కు వచ్చిన ఆ శవపేటికను టీవీలో చూసి మనమంతా ఏడ్చాం. ఆ ఏడుపులో అబద్ధం లేదు.

నెల తిరిగేసరికి, మార్చి 27న, గ్రేటర్ నోయిడాలో ఒక గుంపు మాల్‌లోకి దూరి ఆఫ్రికా విద్యార్థులను చేతికందిన స్టూళ్ళతో, చెత్తడబ్బాలతో చావబాదింది. అక్కడ ఒక పన్నెండో తరగతి కుర్రాడు చనిపోతే నైజీరియావాళ్ళే మత్తుమందిచ్చారని, వాళ్ళు మనుషుల్ని తింటారని కూడా పుకారు లేచింది. ఒలేతేలో హంతకుడి వెంటపడ్డ ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడు తూటా దెబ్బ తిన్నాడు. నోయిడాలో చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకున్నారు. ఆ వార్తకు మన ఇళ్ళలో ఎవరూ ఏడవలేదు.

ఎందుకంటే జాత్యహంకారం తెల్లవాళ్ళ జబ్బనీ, మనం దానికి బలయ్యేవాళ్ళమే గానీ ఒకరిని బలి చేసేవాళ్ళం కాదనీ మన నమ్మకం. చదువుకున్నవాళ్ళు ఈ మాట మరీ ధీమాగా చెబుతారు. నోయిడా దాడి తర్వాత మాజీ ఎంపీ తరుణ్ విజయ్ టీవీ చర్చలో అదే ధీమాతో, తాము జాత్యహంకారులమే అయితే ఆంధ్ర, తమిళ, కన్నడ, కేరళవాళ్ళతో ఎలా కలిసి బతుకుతున్నామని అడిగాడు. అప్పుడు మనకు ఒళ్ళు మండింది. ఆయన క్షమాపణ చెప్పాడు. కానీ ఆ మాటలో మనల్ని గుచ్చింది ఏది? మనల్ని నల్లవాళ్ళ కింద లెక్కగట్టినందుకు మండిందా, నల్లవాళ్ళతో కలిసి బతకడమే గొప్ప ఉపకారమన్నట్టు మాట్లాడినందుకు మండిందా? మొదటిదే అయితే జబ్బు మనలోనూ ఉంది.

మా బాబాయికి టోలీచౌకి దగ్గర రెండంతస్తుల ఇల్లుంది. టులెట్ బోర్డు చూసి ఒక ఆఫ్రికా కుర్రాడు వచ్చాడు. ఇక్కడే పీజీ చదువుతున్నాడు. అడిగిన అడ్వాన్స్ ఇస్తానన్నాడు. బాబాయి అతన్ని గేటు దాటనివ్వకుండానే, పోర్షన్ ఎవరో తీసేసుకున్నారని చెప్పి పంపేశాడు. ఎందుకలా అన్నావని అడిగితే, "ఒరేయ్, పేపర్లో డ్రగ్స్ కేసులు చూడ్డం లేదూ? వాళ్ళకిస్తే రేపు మన ఇంట్లో ఇంకెవరు దిగుతార్రా?" అన్నాడు. బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం వాడికి ఫోన్ చేసి, చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దని, అక్కడ మనవాళ్ళంటే పడనివాళ్ళుంటారని జాగ్రత్తలు చెప్పేదీ ఈ బాబాయే.

డ్రగ్స్ వాదననే తీసుకుందాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. పశువులకు కట్టినట్టు మా పిల్లలకు కడతారా అని రాష్ట్రమంతా మండిపడింది. ఆ పిల్లల్లో తెలిసి చేరినవాళ్ళూ ఉండొచ్చు, మోసపోయి చేరినవాళ్ళూ ఉండొచ్చు. ఎవరి తప్పు వారిదే, అందరినీ ఒకే తాడుకు కట్టొద్దని మనం అడిగాం. న్యాయంగానే అడిగాం. బాబాయి గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఆ న్యాయం వర్తించదా? అతను ఏ కేసులో ఉన్నాడు?

ఇంతకన్నా బాధపెట్టే సంగతి మరొకటుంది. అమెరికా వెళ్ళే పిల్లలకు మనవాళ్ళు చెప్పే మొదటి సలహా, "నల్లోళ్ళుండే ఏరియాలో ఇల్లు తీసుకోకు". ఆ పిల్లల్ని అక్కడికి పోనిచ్చిన తలుపు ఎవరు తీశారో చెప్పేవాళ్ళు లేరు. 1946 చట్టం ప్రకారం భారతదేశానికి దక్కిన వలస కోటా ఏడాదికి 100 మంది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే ఆ పద్ధతిని 1965 వలస చట్టం తీసేసింది. అదే ఏడాది మార్చిలో ఓటుహక్కు కోసం సెల్మా వంతెన మీద నల్లజాతివాళ్ళు పోలీసు లాఠీలకు తలలు పగలగొట్టించుకున్నారు. జాతిని బట్టి మనిషికి విలువ కట్టడం తప్పని ఆ దేశం చేత ఒప్పించింది వాళ్ళ ఉద్యమమే. ఆ గాలికే వలస చట్టమూ మారింది. డాలస్‌లో మన గుళ్ళు, మన బిర్యానీ హోటళ్ళు, మన సంఘాల సంబరాలు అన్నీ ఆ తర్వాతి సంగతులు.

అక్కడ చట్టం మారింది, ఇక్కడ ఇంకా మారలేదు. 2014 జనవరిలో ఢిల్లీ లజ్‌పత్‌నగర్‌లో అరుణాచల్ కుర్రాడు నీడో తానియాను కొందరు జుట్టు చూసి గేలి చేశారు, తిరగబడితే కొట్టారు, మర్నాడు చనిపోయాడు. తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ, జాతి పేరుతో అవమానించడాన్నే నేరం చేస్తూ కొత్త సెక్షన్ పెట్టమంది. ఆ సెక్షన్ నేటికీ రాలేదు. పాత శిక్షాస్మృతి పోయి 2024 జులైలో కొత్తది అమల్లోకి వచ్చినా, అందులోనూ అది లేదు. రావాలి. అద్దె ఇళ్ళ దగ్గర జాతి చూసి తలుపు వేయడాన్నీ చట్టం అడ్డుకోవాలి. ఒక్క నిందితుడు దొరికితే దేశం పేరు పెద్దక్షరాల్లో వేసే మన పత్రికలు ఆ అలవాటు మానాలి.

బాబాయ్, నువ్వు ఇది చదువుతావని తెలుసు. పోర్షన్ ఇంకా ఖాళీగానే ఉందని పిన్ని చెప్పింది. ఆ కుర్రాడి నంబరు నేను రాసుకున్నాను.