క్యాంపు కబుర్లు: గొడుగు డ్యూటీకా, ఖాకీ చొక్కాకా?

పోయిన శుక్రవారం భోజనాలయ్యాక క్యాంపులో ఒక గదికి వెళ్లాను. ఎనిమిది మంచాల గది. నేను వెళ్లేసరికే మాట మీద మాట పెరిగి ఉంది. ఒకాయన జగిత్యాల వైపు పెద్ద మేస్త్రి, గల్ఫ్‌కు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంకొకడు కడప వైపు కుర్రాడు, ఏసీ మెకానిక్. గొడవంతా పోలీసుల గురించి. ఇక్కడి పోలీసులు కాదు, మన ఊళ్ల పోలీసులు.

కుర్రాడి బాధ ఇది. పొలం గట్టు తగాదాలో వాళ్ల అన్నను స్టేషన్‌కు తీసుకుపోయారు. "మూడు దినాలు పెట్టుకున్నారన్నా. కోర్టుకు తీసుకుపోలేదు. అరికాళ్ల మీద కొట్టినారు, ఇప్పటికీ సరిగా నడవలేకున్నాడు" అన్నాడు. ఫిర్యాదు ఇద్దామని తండ్రి వెళితే గేటు దగ్గరే ఒకాయన ఆపి, పోలీసు మీద కేసు పెట్టాలంటే గవర్నమెంటు పర్మిషన్ కావాలని చెప్పాడట. ముసలాయన తిరిగి ఇంటికి వచ్చేశాడు.

మేస్త్రి గారిది ఇంకో మాట. "తమ్మీ, మీ అన్నకు జరిగింది తప్పే. కాని పోలీసోళ్ల మీద ఎవడు పడితే వాడు కేసు వేసుకుంట పోతే, రేపు రౌడీలను పట్టేదెవరు? మన ఆడపిల్లలు బస్సు దిగి ఇంటికి ఎట్ల వస్తరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. జవాబు పేపర్లో రాస్తానని మాట ఇచ్చాను.

ముందు మేస్త్రి గారి మాట. మనం ఇక్కడ ఉంటే ఇల్లాలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అక్కడ ఉంటారు. వాళ్లకు అర్ధరాత్రి దిక్కు ఆ స్టేషనే. గ్రేహౌండ్స్ దళాన్ని ఏర్పాటు చేసిన కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. అలాంటి ఉద్యోగం చేసేవాడికి కొంత రక్షణ ఉండాలని పెద్దలు అనడంలో తప్పు లేదు. పట్టుకున్న ప్రతి దొంగా తిరిగి కేసు వేస్తే ఎస్సై పగలంతా కోర్టు మెట్ల మీదే ఉంటాడు.

అందుకే చట్టంలో ఒక గొడుగు పెట్టారు. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో చేసిన పని మీద నేరం మోపితే, ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోకూడదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, 1973 కోడ్‌లోనూ ఇది 197వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 218వ సెక్షన్.

అధికారులకు భద్రత ఉండాలని గట్టిగా వాదించిన వారిలో సర్దార్ పటేల్ ఒకరు. 1949 అక్టోబరులో రాజ్యాంగ సభలో ఆయన చెప్పిన కారణం ఏమిటి? భద్రత ఉంటేనే అధికారి మంత్రికి నచ్చని మాటను కూడా నిర్భయంగా చెప్పగలడని. అంటే పై వాడికి భయపడకుండా ఉండటానికి ఆ రక్షణ. కింద ఉన్న పేదవాణ్ణి కొట్టడానికి కాదు.

ఇక్కడే మనవాళ్లు పొరబడుతున్నారు. గొడుగు డ్యూటీకి ఇచ్చారు, చొక్కాకు ఇవ్వలేదు.

సుప్రీంకోర్టు కూడా ఈ గీతే గీసింది. 2020లో ఒక కర్ణాటక కేసులో, డ్యూటీ చేస్తూ కాస్త హద్దు దాటినా, ఆ పనికీ డ్యూటీకీ తగిన సంబంధం ఉంటే అనుమతి అవసరమే అంది. మేస్త్రి గారు సంతోషించే మాట ఇది. కాని 2000లో ఒక కేరళ కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా మనిషిని 24 గంటలు దాటి లాకప్‌లో పెడితే అది డ్యూటీ పరిధిలోకే రాదని. కుర్రాడి అన్నను పెట్టుకున్నది మూడు రోజులు.

అమెరికాలోనూ ఇలాంటి చర్చే ఉంది. నష్టపరిహారం దావాల నుంచి పోలీసులను కాపాడే పద్ధతిని అక్కడి సుప్రీంకోర్టు 1967 నుంచి తన తీర్పులతో పెంచుకుంటూ వచ్చింది. సంప్రదాయవాదిగా పేరున్న జస్టిస్ క్లారెన్స్ థామసే 2020లో దాన్ని ప్రశ్నించారు. 1871 నాటి అసలు చట్టంలో ఆ మాట ఎక్కడుందని ఆయన అనుమానం. పాత పద్ధతులను గౌరవించేవాడు చట్టంలో రాసినదాన్ని కూడా గౌరవించాలి కదా!

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు, ఇదే గదిలో స్వీట్లు పంచుకున్నామని మేస్త్రి గారే చెప్పారు. ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరానికి మన రక్తం ఉడికింది, నిజమే. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదంది. చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లంది. పదిమంది పోలీసులపై హత్య నేరం కింద విచారణ జరపాలని 2022లో సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. సిఫారసు అంటే తీర్పు కాదు, అది కూడా గుర్తుంచుకోవాలి. కాని తుపాకీ పట్టినవాడే జడ్జీ కూడా అయితే, రేపు మన అన్న మీదో తమ్ముడి మీదో తప్పుడు అనుమానం పడిన రోజు ఎవరిని అడగాలి? కంచె చేను మేస్తే రైతు ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు కుర్రాడికి పనికొచ్చే సంగతులు చెబుతాను. గేటు దగ్గర వాళ్ల నాయనకు చెప్పింది సగం మాటే. అనుమతి కావలసింది కోర్టు కేసును విచారణకు తీసుకునే ముందు. ఫిర్యాదు ఇవ్వడానికి అక్కర్లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే రాసి ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. కొత్త చట్టంలో, డ్యూటీ మీద చేసిన పని అంటే మేజిస్ట్రేటు పై అధికారి నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి, ఆ అధికారి వాదనా చూడాలి. కాబట్టి కొంత ఓపిక ఉండాలి.

ఇంకో మాట. ఈ అనుమతి గొడుగు ప్రభుత్వం మాత్రమే తొలగించగల హోదా ఉన్నవారికి. 1963లోనే సుప్రీంకోర్టు ఇది చెప్పింది. కింది హోదా వాళ్లకు ప్రభుత్వం విడిగా నోటిఫికేషన్ ఇస్తేనే వర్తిస్తుంది. వకీలును మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. అనుమతి కోరాక ప్రభుత్వం 120 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఫైలు ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉండకుండా పెట్టిన గడువు ఇది. అర్జీ అందిన తేదీకి రుజువు దాచుకోండి.

అన్నిటికన్నా ముందు ఆసుపత్రి చీటీ, దెబ్బల ఫొటోలు, తీసుకుపోయిన రోజు, వదిలిన రోజు, చూసినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టాలి. కోపంతో ఎస్సై ఇంటి మీదికి పోవద్దు, వాట్సాప్‌లో తిట్లు పెట్టవద్దు. అప్పుడు తప్పు మన వైపు వస్తుంది.

ఇదంతా ఆ గదిలో చెప్పాక మేస్త్రి గారు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "డ్యూటీ చేసినోనికి గొడుగు పట్టాలె. అది నేను ఇప్పటికీ అంట. కాని మూడు దినాలు లాకప్‌ల పెట్టి కొట్టుడు ఏం డ్యూటీ?"

కుర్రాడు అప్పటికే ఫోను తీసుకుని బయటికి నడిచాడు. "నాయనా, అన్నను తీసుకుపోయింది ఏ వారం? గుర్తు చేసుకో" అని అడగడం వినిపించింది.

మీ ఇంటి దగ్గర ఇలాంటి అనుభవం ఉంటే రాయండి. పేరు వేయం.