మంచం కింద చోడిపిండి

మొన్న రాత్రి రూమ్‌లో పదిహేను నిమిషాల్లో ‘మెక్సికన్ మేకరోనీ’ చేశాం. వేయించిన ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, మొక్కజొన్న గింజల్లో ఉడికిన మేకరోనీ, కాసిన్ని పాలు, చీజ్ కలిపేయడమే. వెంటనే స్టేటస్ పెట్టాను.

అమ్మ ఫోన్: "అందులో ఏటేటి ఏసినావురా?"

చెప్పాను.

"ఆ గొట్టాలూ చీజూ తప్ప అన్నీ మనింట్లోవే కదేటి!"

నిజానికి మిరప, మొక్కజొన్న, టమాటా మనకంటే ఎంతో ముందే మెక్సికోవాళ్లు పండించుకున్నవి. మిరపను పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు మా విజయనగరం పొలాల్లో మొక్కజొన్నని పరాయిదని ఎవరంటారు? రేపు మేకరోనీ కూడా మనదైపోవచ్చు. తప్పేం లేదు, తినండి.

తప్పు వేరే ఉంది. ఫస్టియర్‌లో అమ్మ ఇచ్చిన చోడిపిండి డబ్బాని, ఎవరైనా నవ్వుతారని మంచం కింద దాచాను. పురుగు పట్టాక పారబోశాను. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ తెలీదు.

ఈ ఆదివారం నా స్టేటస్: చోడి అంబలి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ.